మస్టాంగ్‌కు స్టీరింగ్ మార్చాలనుకుంటున్నాను, ఖర్చు పెట్టదగ్గ పనేనా?

ప్రశ్న: బరంపురం, పట్టు దుకాణం

అందరికీ నమస్కారం. మాది బరంపురం, పట్టుచీరల వ్యాపారం. కిందటేడు హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారి దగ్గర 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నాను. ఐదు లీటర్ల వీ8, ఆటోమేటిక్. ఎన్‌ఓసీ తెప్పించి, బండిని మా గంజాం జిల్లా ఓడీ 07 నంబరులోకి మార్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచి మనసులో ఉన్న కారు ఇది. అమ్మే ఉద్దేశం లేదు. అందుకే ఏ పని చేయించినా తెలిసినవాళ్లను అడిగి చేయిద్దామని ఇక్కడ రాస్తున్నాను.

ఇంజిను మీద ఏ ఫిర్యాదూ లేదు. బాధంతా స్టీరింగ్‌తోనే. ఎడమ పక్కన తోలు నున్నగా అరిగి, జిడ్డు పట్టినట్లు మెరుస్తోంది. బొటనవేలు ఆనే చోట గోరుతో గీస్తే నల్లటి పొర పొడిగా రాలి, కింద బూడిదరంగు బయటపడుతోంది. కింది భాగంలో కుట్టు పోగులు లేచి అరచేతికి గుచ్చుకుంటున్నాయి. మాది సముద్రానికి దగ్గర ఊరు, చేతికి చెమట తప్పదు. వేసవిలో అయితే పక్కన రుమాలు పెట్టుకునే నడుపుతున్నాను.

రెండో సంగతి. ఆదివారాలు తెల్లవారుజామున తప్తపాణి ఘాట్ ఎక్కి మోహన దాకా వెళ్లిరావడం నాకు ఇష్టం. ఆ మలుపుల్లో ముందు టైర్లు ఏం చేస్తున్నాయో చేతికి సరిగ్గా తెలియడం లేదు. స్టీరింగ్ నిటారుగా ఉన్నచోట అటూ ఇటూ కాస్త ఖాళీ ఉన్నట్లు అనిపిస్తుంది. స్పోర్ట్ మోడ్ పెడితే బరువెక్కుతుంది గానీ ఆ ఖాళీ పోదు. ఇచ్ఛాపురం వైపు హైవే మీద కూడా తిన్నగా పోవడానికి చిన్న చిన్న దిద్దుబాట్లు చేస్తూనే ఉండాలి.

నా ముందు మూడు దారులున్నాయి. మోమో గానీ స్పార్కో గానీ 350 మిల్లీమీటర్ల స్టీరింగ్ కొని హబ్‌తో (స్టీరింగ్‌ను షాఫ్టుకు కలిపే నడిమి భాగం) బిగించడం ఒకటి. విదేశం నుంచి మస్టాంగ్ జీటీ350 స్టీరింగ్ తెప్పించడం ఇంకొకటి, అడుగు భాగం చదునుగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంది, సుంకంతో కలిపి ధర కూడా అలాగే ఉంది. ఉన్నదానికే కొత్త తోలు కుట్టించడం మూడోది. మా అమ్మాయికి కూడా ఈ కారంటే ప్రాణం, ఎక్కడికెళ్లినా పక్క సీటు తనదే. దేని మీద డబ్బు పెడితే సార్థకమో చెప్పండి.

జవాబు: విశాఖపట్నం, పాత జిప్సీ

మీ ప్రశ్న చదివితే సంతోషం వేసింది. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు గురించి ఎవరూ ఇంతగా ఆలోచించరు. నా ఓటు మోమోకే. ఆ కంపెనీ పుట్టిందే ఒక రేసు డ్రైవరు చేతుల్లోంచి. జియాంపియెరో మోరెట్టి తన కారుకు లావుపాటి పట్టు ఉన్న స్టీరింగ్ చేయించుకున్నాడు, అది నచ్చి జాన్ సర్టీస్ తన ఫెరారీకి పెట్టుకున్నాడు. 1964లో సర్టీస్ ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. మోరెట్టి, మోంజా అన్న రెండు పేర్లలోంచి వచ్చిందే మోమో.

నా జిప్సీకి 350 మిల్లీమీటర్ల మోమో పెట్టి చాలా కాలమైంది. అరకు ఘాట్‌లో దాన్ని పట్టుకుంటే బండి నా మాట వింటున్నట్లు ఉంటుంది. పట్టు లావుగా ఉంటుంది కాబట్టి వేళ్లు బిగించక్కర్లేదు, మోచేతుల నొప్పి రాదు. కొనేటప్పుడు బోల్టుల కొలత చూసుకోండి. మోమో, స్పార్కో, ఓఎంపీలకు ఆరు బోల్టులు 70 మిల్లీమీటర్ల వృత్తంలో ఉంటాయి, నార్డీకి 74. ఒకదాని హబ్‌కు ఇంకొకటి కూర్చోదు. నా జిప్సీకి ఎయిర్‌బ్యాగ్ లేదు, అందుకే పని సులువైంది. మీ కారుకు ఉంటుంది. చాలామంది ఆ వైర్లకు రెసిస్టర్ తగిలించి డ్యాష్‌బోర్డు మీద దీపం ఆర్పేస్తున్నారు. దాని మంచిచెడులు మెకానిక్‌లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు: రాయగడ, అలైన్‌మెంట్ మెకానిక్

బరంపురం సోదరులకు నమస్కారం. నేను రాయగడలో వీల్ అలైన్‌మెంట్, సస్పెన్షన్ పని చేస్తాను. అంతకుముందు చాలా ఏళ్లు హైదరాబాద్‌లో విదేశీ కార్ల వర్క్‌షాపులో చేశాను. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా బొలెరోలు, కాగితం మిల్లు పనుల మీద తిరిగే బండ్లు. స్టీరింగ్ లెక్క మాత్రం ఏ బండికైనా ఒకటే.

మీరు రాసినదాంట్లో రెండు జబ్బులున్నాయి. తోలు అరగడం ఒకటి. ఘాట్‌లో చేతికి కబురు అందకపోవడం రెండోది. ఈ రెండింటికీ ఒకే మందు వేయబోతున్నారు. స్టీరింగ్ ఎంత ఖరీదైనది కొన్నా రెండో జబ్బు నయం కాదు.

ఎందుకో చెబుతాను. 380 మిల్లీమీటర్ల స్టీరింగ్ తీసి 350ది పెట్టారనుకోండి. అదే మలుపు తిప్పడానికి చేతిబలం ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పెట్టాలి. సగం చుట్టు తిప్పడానికి చెయ్యి కదిలే దూరం దాదాపు 60 సెంటీమీటర్ల నుంచి 55కు తగ్గుతుంది. చురుగ్గా ఉన్నట్లు అనిపించేది అందుకే. కానీ మీరు ఎన్ని డిగ్రీలు తిప్పితే ముందు చక్రం ఎన్ని డిగ్రీలు తిరగాలన్నది కింద రాక్, పినియన్ పళ్ల చేతిలో ఉంది. అది ఏమాత్రం మారదు. మీ కారుకు ఉన్నది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. నార్మల్, స్పోర్ట్, కంఫర్ట్ అని మూడు మోడ్‌లు ఇచ్చినా, వాటితో మారేది మోటారు చేసే సాయమే. స్పోర్ట్‌లో బరువు పెరిగి ఖాళీ అలాగే ఉందని మీరే రాశారు. అంటే లోపం ఆ కిందనెక్కడో ఉంది.

ముందు టైర్ల పక్కగోడ మీద డీఓటీ అన్న అక్షరాలు వెతకండి. ఆ వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. ఒక్కోసారి ఆ అంకెలు టైరు లోపలి వైపు పడతాయి, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వంగి చూడాలి. ఇలాంటి కార్లను పాత యజమానులు తక్కువగా తిప్పుతారు. గాడులు నిండుగా కనబడతాయి, రబ్బరు మాత్రం లోపల గట్టిపడిపోయి ఉంటుంది. గాడి అంచును గోరుతో నొక్కండి. కొత్త రబ్బరు అణగి లేస్తుంది, ముసలిది గోరును జార్చేస్తుంది. గట్టిపడిన టైరు మలుపులో రోడ్డును పట్టదు. పట్టని టైరు నుంచి మీ చేతికి కబురు ఎలా వస్తుంది? మోమో బిగించినా రాదు.

తర్వాత ముందు భాగం జాకీ మీద లేపి స్టాండ్‌లు పెట్టించండి. చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది ఉండేచోట రెండు చేతులతో పట్టుకుని ఊపితే, టక్కుమని ఆట కనిపిస్తే టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) చివర చూడాలి. పన్నెండు, ఆరు దగ్గర ఊపితే ఆట ఉందంటే బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే గుండ్రటి కీలు) గానీ బేరింగు గానీ. మీ మస్టాంగ్‌కు ముందు ఒక్కో పక్క కింద రెండేసి లింకులు, రెండు బాల్ జాయింట్లు ఉంటాయి. మామూలు కార్లు చూసి అలవాటైన కుర్రాడు ఒక్క జాయింట్ చూసి బాగుందని చెప్పేస్తాడు. రెండూ చూడమనండి. ఆ లింకుల బుష్‌ల రబ్బరు చిట్లిందేమో టార్చ్ వేసి చూడమనండి. మా వైపు రోడ్లలో, ముఖ్యంగా వానలు వెళ్లాక, ముందుగా పోయేవి అవే.

ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. ఆట ఉన్న జాయింట్ల మీద అలైన్‌మెంట్ చేస్తే ఆ డబ్బు నీళ్లపాలే, గుంతలో పడగానే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. టైర్లలో గాలి, తలుపు స్తంభం మీది స్టిక్కరులో ఉన్నంతే కొట్టించండి. హైవే మీద దిద్దుబాట్లు చేస్తూ ఉండాలన్నారు కదా, అది టో తేడా, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే లెక్కలో తేడా అయ్యుంటుందని నా అనుమానం.

ఇక ఎయిర్‌బ్యాగ్. ఈ మాట మెత్తగా చెప్పలేను, క్షమించండి. ఆ స్టీరింగ్ నడుమ ఉన్నది మూత కాదు, మీ మొహానికీ ఇనుముకీ మధ్య ఉన్న ఒకే ఒక్క అడ్డు. గుద్దుకున్నప్పుడు బెల్టు ఛాతీని ఆపుతుంది, తల ముందుకే వస్తుంది. దాదాపు 30 మిల్లీసెకన్లలో, అంటే రెప్ప వేసేలోపు, సంచి ఉబ్బి ఆ తలను అందుకుంటుంది. బయట దొరికే స్టీరింగ్ పెడితే తల వచ్చి తగిలేది హారన్ బటన్‌కూ ఆరు బోల్టులకూ. రెసిస్టర్ పెట్టి దీపం ఆర్పడం అంటే సంచి ఉందని కంప్యూటర్‌ను నమ్మించడం. సంచి తీసి రెసిస్టర్ కూడా పెట్టకపోతే, చాలా కార్లలో కంప్యూటర్ లోపం పట్టుకుని మిగతా ఎయిర్‌బ్యాగ్‌లను కూడా నిలిపేయవచ్చు. మీ అమ్మాయి ముందున్నది కూడా అందులో ఒకటి. హైదరాబాద్‌లో ఉండగా రెసిస్టర్ పెట్టిన కారు ఒకటి లాగించుకుని మా దగ్గరకు వచ్చింది. రిమ్ రెండుచోట్ల వంగి ఉంది. నడిపిన కుర్రాడి దవడకు ఆపరేషన్ జరిగిందని వాళ్ల నాన్నగారు చెబుతూ ఏడ్చారు. అప్పటి నుంచి ఎంత డబ్బు ఇస్తానన్నా ఆ పని ముట్టుకోలేదు.

చట్టం కూడా ఒప్పదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగాక బీమావాళ్లు వచ్చి చూసేది కూడా ఇవే. విశాఖ మిత్రుల జిప్సీ సంగతి వేరు. అందులో తీసేయడానికి సంచి లేదు, వారి మోమో వారికి తగినదే.

జీటీ350 స్టీరింగ్‌కు నేను అడ్డు చెప్పను. అది ఆ కుటుంబం కారుదే, మీ ఎయిర్‌బ్యాగ్‌నే తిరిగి దానిలో కూర్చోబెట్టుకోవచ్చు. కానీ జీటీ350 మాన్యువల్ గేర్లతోనే వచ్చిన కారు. మీది ఆటోమేటిక్, వెనక ప్యాడిళ్లున్నాయి. అవి దానిలో కూర్చుంటాయో లేదో అమ్మేవాడి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకుని గానీ డబ్బు కట్టకండి. అడుగు చదునుగా ఉంటే తొడలకు చోటు దొరుకుతుంది, నిజమే. బజారులో బండి తిప్పుకునేటప్పుడు, చుట్లు చుట్లుగా తిప్పేచోట, ఆ చదును చేతికి అడ్డు తగులుతుంది. పాత ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఎవరి దగ్గరా కొనకండి, ఏ ప్రమాదంలోంచి తీసిందో, ఏ నీళ్లలో తడిసిందో ఎవరికి తెలుసు.

స్టీరింగ్ ఏ కారణంగా విప్పినా ఒక జాగ్రత్త. బ్యాటరీ మైనస్ తీసి, కంపెనీ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కొంత కరెంటు నిలవ ఉంటుంది. స్టీరింగ్ వెనక క్లాక్ స్ప్రింగ్ అని పల్చటి రిబ్బను కేబుల్ చుట్ట ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, హారన్, బటన్‌ల తీగలన్నీ దానిలోంచే. చక్రాలు తిన్నగా పెట్టి విప్పాలి, విప్పాక ఆ చుట్టను తిప్పకూడదు, కదలకుండా టేపు అంటించాలి. నడిమి గుర్తు తప్పిస్తే బిగించిన రోజు అన్నీ పనిచేస్తాయి, పార్కింగ్‌లో పూర్తిగా ఒక పక్కకు తిప్పిన మొదటిసారి కేబుల్ ఫట్టుమంటుంది.

నా సలహా: డబ్బు ముందుగా టైర్లు, జాయింట్లు, అలైన్‌మెంట్‌కు. మిగిలినదాంతో ఉన్న స్టీరింగ్‌కే మంచి తోలు.

జవాబు: పర్లాకిమిడి, సీటు కవర్లు

రాయగడ అన్నగారు తోలు దగ్గర ఆపారు కాబట్టి అక్కడి నుంచి నేను అందుకుంటాను. మా నాన్నగారి కాలం నుంచి మాది ఇదే పని. ముందు జీపు సీట్లు కుట్టేవాళ్లం, ఇప్పుడు స్టీరింగ్‌లు కూడా కుడుతున్నాం.

మీ పాత తోలును చింపి పారేయనివ్వకండి. కుట్టు పోగులు కోసి ముక్కలుగా విడదీస్తే అదే కొత్తదానికి కొలత అవుతుంది. ప్రతి ముక్క వెనకా ఏది ఎక్కడిదో, ఏ వైపు పైకో రాసుకోవాలి. రిమ్‌ను నడుమకు కలిపే పుల్లల దగ్గర తోలు అంచు సన్నటి గాడిలోకి దూరుతుంది. పనితనం తెలిసేది అక్కడే. అంచును చెక్కి పలచన చేయకుండా దూరిస్తే ఉబ్బుగా నిలుస్తుంది, ఆర్నెల్లకు లేచివస్తుంది.

తోలు ఒక మిల్లీమీటరు పైచిలుకు మందం ఉంటే చాలు. కొందరు పట్టు లావుగా రావాలని లోపల స్పాంజి బాగా దట్టిస్తారు. రిమ్ మెత్తబడితే కబురు స్పాంజిలోనే ఆగిపోతుంది. ఎక్కడైనా పెంచాలనుకుంటే చేతులు నిలిచే రెండు పక్కల, బొటనవేలు ఆనే చోట మాత్రమే, అదీ గట్టి పొరతో. చెమట చేతులన్నారు కాబట్టి ఆ రెండు పక్కలా సన్న చిల్లుల తోలు వేయించండి, పైనా కిందా సాదా తోలు. స్వెడ్ లాంటి మెత్తని బట్ట రేసు వాళ్లకు చేతి తొడుగులుంటాయి కాబట్టి బాగుంటుంది. మన తీరం గాలిలో, ఒట్టి చేతులతో పడితే నూగు అణగి మళ్లీ మెరుపెక్కుతుంది. రెక్సిన్ వద్దే వద్దు. బజారులో దొరికే రబ్బరు తొడుగు అసలు దగ్గరకు రానివ్వకండి, ఘాట్‌లో మలుపు మధ్య రిమ్ మీద తొడుగు జారిందంటే చెయ్యి తిరుగుతుంది, బండి తిరగదు.

కుట్టు రిమ్ లోపలి వైపుకు రావాలి, మైనం పట్టించిన గట్టి పాలిస్టర్ దారంతో, చేతి కుట్టు. అరచేతి కిందకు ముడి రాకూడదు. స్టీరింగ్ మాత్రం మెకానిక్ విప్పి నా చేతికి ఇవ్వాలి, ఎయిర్‌బ్యాగ్ లేకుండా. దాన్ని నేను విప్పను. తర్వాత తడి గుడ్డతో తుడుచుకుంటే చాలు, సిలికాన్ పాలిష్‌లు రాస్తే జారుతుంది.

ప్రశ్నించినవారు: బరంపురం, పట్టు దుకాణం

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. రాయగడ అన్నగారి మాట ప్రకారం టార్చ్ పట్టుకుని కింద దూరాను. ముందు రెండు టైర్ల మీదా 4116 అని ఉంది. అంటే 2016 చివరివి, కారుతో పాటు వచ్చినవే. గాడులు చూస్తే సగం జీవితం ఉందనిపించింది, గోరు మాత్రం మీరు చెప్పినట్లే జారింది. ఇక్కడి గ్యారేజీలో జాకీ మీద లేపించాను. కుడివైపు మూడు, తొమ్మిది దగ్గర ఊపితే సన్నగా టక్కుమంటోంది. ఎడమవైపు ఏమీ లేదు.

మోమో ఆలోచన మానేశాను. మా అమ్మాయి కూర్చునే సీటు మాట వచ్చాక ఇక దాని గురించి చర్చ అక్కర్లేదు. జీటీ350 మీద మోజు పోలేదు, కానీ ఆ డబ్బు మొదట నాలుగు టైర్లకు వెళుతుంది. ఒక సందేహం. టై రాడ్ చివర ఒక్క కుడివైపే మార్చాలా, రెండూనా? తోలు పని అలైన్‌మెంట్‌కు ముందా, తర్వాతా?

జవాబు: రాయగడ, అలైన్‌మెంట్ మెకానిక్

రెండు వైపులా మార్చండి. ఒకే వయసువి, ఎడమది కూడా ఎంతో కాలం ఆగదు. ఎలాగూ మార్చాక అలైన్‌మెంట్ చేయించాల్సిందే, రెండుసార్లు ఎందుకు. తోలు పని మాత్రం అన్నిటికంటే ముందు పెట్టుకోండి. స్టీరింగ్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు పళ్లలో ఒక్క గాడి పక్కకు పడినా రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, అది అలైన్‌మెంట్ లోపమో బిగింపు లోపమో తేల్చడానికి ఒక రోజు పోతుంది. విప్పేముందు షాఫ్టు మీదా హబ్ మీదా కలిపి ఒక గీత గీయమనండి. నడిమి బోల్టు కొత్తది వేయించి, టార్క్ రెంచితో బిగించమనండి.

వరుస ఇదీ: స్టీరింగ్ విప్పి పర్లాకిమిడి పంపండి, తిరిగొచ్చాక బిగించండి, ఆపైన టై రాడ్ చివరలు, కొత్త టైర్లు, బ్యాలెన్సింగ్, చివర అలైన్‌మెంట్. అలైన్‌మెంట్ మెషిన్ ముందు, తర్వాత లెక్కల కాగితం ఇస్తుంది, అడిగి తీసుకోండి. స్కానర్ పెట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సున్నాకు సరిచేయించడం మరిచిపోకండి, అది తప్పితే బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తిన్నటి రోడ్డులో కూడా మలుపు అనుకోవచ్చు. ఆ రెండో కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) రెండు వైపులా ఎంత వచ్చిందో చూసి చెబుతాను.